ఫ్రెంచిలో పానీయాల మాటలు: గోదావరి డెల్టా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

యానాంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఫ్రెంచి నేర్చుకునేవారికి నేను కొన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మొదటి రెండు మూడు నెలల్లో వారు అడిగే సందేహాల్లో ఎక్కువ భాగం నీళ్లు, టీ, కాఫీ, బొండాం, మజ్జిగ వంటి వాటిని ఫ్రెంచిలో ఎలా అడగాలన్న దాని చుట్టూనే తిరుగుతుంటాయి. తరగతిలో చెప్పే జవాబులనే ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

ఫ్రెంచి మాటలు పానీయాలతోనే ఎందుకు మొదలుపెట్టాలి?

ఇంటికి ఎవరైనా వస్తే కూర్చోబెట్టి ముందుగా మంచినీళ్లిచ్చి, ఆ తరువాత 'కాఫీ పుచ్చుకుంటారా అండి' అని అడగడం మన గోదావరి ప్రాంతపు మర్యాద. ఫ్రెంచివారి ఇంట్లోనూ అతిథికి మొదట వినిపించే మాటల్లో ఒకటి 'వు వులే బ్వార్ కెల్క షోజ్?' అన్నదే; 'ఏమైనా తాగుతారా?' అని దాని అర్థం. జవాబు చెప్పలేకపోతే సంభాషణ గడప దగ్గరే ఆగిపోతుంది.

యానాం వారికి మరొక కారణం కూడా ఉంది. 1954 వరకు ఇక్కడ ఫ్రెంచి పాలన నడిచింది. 1962లో అధికారికంగా భారతదేశానికి బదిలీ అయి, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగా ఉంది. ఆ నాటి సంబంధాల వల్ల ఫ్రాన్సులో స్థిరపడిన బంధువులున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సెలవులకు వచ్చిన మునిమనవడు 'ఝే స్వాఫ్' అంటుంటే, అది 'దాహం వేస్తోంది' అన్న మాటని తెలియక ముసలమ్మ అన్నం కలిపి పెట్టిన ఇల్లు నాకు తెలుసు. ఆవిడ కోసం ఆ ఇంటి కోడలు ఫ్రెంచిలో మొదట నేర్చుకున్నది ఆ రెండు మాటలే.

ఇక్కడ ఫ్రెంచి మాటలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. ఎలా చదవాలి?

మన పాత పుస్తకాల్లో 'వాఁడు', 'వీఁడు' అని రాసేటప్పుడు వాడిన అరసున్న ఈ పనికి ఎంతో అనువైనది. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు మూడు నాలుగు ఉన్నాయి, వాటి చివర 'న' గాని 'మ' గాని స్పష్టంగా వినబడకూడదు. అందుచేత ద్రాక్షసారాయానికి 'వెఁ' అని, గాలికి 'వాఁ' అని రాస్తాను. ఈ రెండూ వేరువేరు మాటలు. 'వాన్' అని నిండుగా పలికితే రెండూ చెడిపోతాయి.

'ష'ను పలుకుతూ దానికి గొంతులోని నాదం కలిపితే వచ్చే ధ్వనిని 'ఝ' అని రాశాను. 'ఈ' అంటూనే పెదవులను ఈల వేసేటట్లు గుండ్రంగా ముడిస్తే వచ్చే అచ్చును 'యు' అని, 'ఏ' అంటూ అదే విధంగా ముడిస్తే వచ్చేదాన్ని పొట్టి 'ఒ' అని గుర్తించండి. ఇవి దగ్గరి పోలికలే గనుక ఎవరైనా ఫ్రెంచివారు పలికిన రికార్డింగు పక్కన పెట్టుకొని విని సరిచూసుకోవాలి.

తెలుగు మాట అచ్చుతో ముగియడం వల్ల మనం ప్రతి మాట చివరా 'ఉ' చేర్చేస్తాం. గ్లాసును ఫ్రెంచిలో 'వేర్' అంటారు. దాన్ని 'వేరు' అనకుండా ఉండటానికి మొదటి వారంలో కొంత శ్రద్ధ కావాలి.

'మంచినీళ్లు' అన్న మాటకు ఫ్రెంచి ఏమిటి?

నీటికి ఫ్రెంచి మాట 'ఓ'. రాతలో ఈ, ఏ, యూ అనే మూడు రోమన్ అక్షరాలుంటాయి, పలుకుబడిలో మాత్రం ఒక్క అచ్చే. ఇంత చిన్న మాట వాక్యంలో చాలాసార్లు ముందున్న మాటను అంటిపెట్టుకునే వస్తుంది: 'లో' అంటే నీరు, 'ద లో' అంటే కొన్ని నీళ్లు, 'ఎఁ వేర్ దో' అంటే గ్లాసు నీళ్లు. విద్యార్థులు 'ఓ' కోసం వెతుకుతూ 'లో', 'దో' అన్నవి వేరే మాటలనుకుంటారు. అందువల్ల 'ఓ'ను ఈ మూడు రూపాల్లోనూ కలిపి కంఠస్థం చేయమంటాను.

తెలుగులో నీళ్లు, పాలు ఎప్పుడూ బహువచనమే. ఫ్రెంచిలో రెండూ ఏకవచనం. 'నీళ్లు ఉన్నాయి' అనే అలవాటుతో 'లే జో' అని బహువచనంలో చెబితే, అది తాగే నీళ్లకు కాక సముద్ర జలాలకో, వైద్యానికి పేరున్న ఊటలకో వర్తించే ప్రమాదం ఉంది.

ఇక 'మంచినీళ్లు' విషయానికి వస్తే, తాగడానికి పనికివచ్చే నీటిని 'ఓ పోతాబ్ల్' అంటారు. కుళాయి మీద 'ఓ నోఁ పోతాబ్ల్' అని రాసి ఉంటే అవి వాడుక నీళ్లు, తాగకూడదు. ఈ బోర్డును గుర్తుపట్టగలగడం ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

డెల్టాలో పుట్టినవారికి వెంటనే పట్టుబడే మాట మరొకటి ఉంది. మన ఊళ్లలో ఫలానా బావి నీళ్లు తియ్యగా ఉంటాయని, ఫలానా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని అంటాం. ఆ తీపిలో పంచదార లేదు. ఉప్పు లేకపోవడమే అక్కడ తీపి. ఫ్రెంచివారు కూడా ఉప్పులేని నీటిని 'ఓ దూస్' అంటారు, 'దూస్' అంటే తియ్యనిది, మెత్తనిది అని అర్థం. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటును వర్ణించాలంటే 'ఓ దూస్'కు ఎదురుగా 'ఓ సాలే', అంటే ఉప్పునీరు, అని చెబితే సరిపోతుంది. పంచదార కలిపిన నీళ్లు మాత్రం 'ఓ స్యుక్రే'.

'గ్లాసు నీళ్లు', 'నీళ్ల గ్లాసు' అన్న తేడా ఫ్రెంచిలో ఉందా?

ఉంది, పైగా మన భాషలో ఉన్నంత స్పష్టంగా ఉంది. పానీయాల మాటలన్నిటిలోనూ నాకు అత్యంత ఇష్టమైన పాఠం ఇదే.

'చెంబెడు నీళ్లు' అన్నప్పుడు మనం అడిగేది నీటిని, 'నీళ్ల చెంబు' అన్నప్పుడు చూపించేది పాత్రను. అది ఖాళీగా ఉన్నా నీళ్ల చెంబే. ఫ్రెంచిలో ఈ భేదాన్ని 'ద', 'ఆ' అనే రెండు చిన్న మాటలు మోస్తాయి. 'యున్ తాస్ ద తే' అంటే కప్పు టీ, 'యున్ తాస్ ఆ తే' అంటే టీ కప్పు. 'ఎఁ వేర్ దో' తాగేది, 'ఎఁ వేర్ ఆ ఓ' కడిగి బోర్లించేది. తెలుగులో మాటల వరుస మార్చి సాధించేదాన్ని వారు మధ్య మాట మార్చి సాధిస్తున్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవారికి ఇది మరీ అవసరం. బల్ల మీద సర్దమన్న గ్లాసులకూ పోసి తెమ్మన్న గ్లాసులకూ తేడా ఆ ఒక్క మాటలోనే ఉంటుంది.

కొలతల దగ్గర పోలిక ఇంకా దగ్గరవుతుంది. మనకు 'ఎడు' అనే ప్రత్యయం ఉంది: గుక్కెడు, చిటికెడు, గుప్పెడు, చెంచాడు. ఒక పాత్రనో శరీర భాగాన్నో తీసుకొని, అందులో పట్టేటంత అని చెప్పడానికి దాన్ని చేరుస్తాం. ఫ్రెంచిలో అదే పనిని చివర వచ్చే 'ఏ' చేస్తుంది. 'గోర్ఝ్' అంటే గొంతు, 'యున్ గోర్ఝే దో' అంటే గుక్కెడు నీళ్లు. 'ప్వెఁ' అంటే పిడికిలి, 'ప్వాఞే' అంటే పిడికెడు. గిల్లడం నుంచి వచ్చిన 'పెఁసే' అంటే చిటికెడు, మజ్జిగలో ఉప్పు గురించి చెప్పాలంటే 'యున్ పెఁసే ద సెల్' అంటే చాలు. చెంచా 'క్వియేర్', చెంచాడు 'క్వియెరే'. రెండు భాషలకూ చుట్టరికం లేదు. అయినా దాహం తీర్చుకునే మనిషి నోటినీ చేతినీ కొలతగా పెట్టుకోవడం రెండు చోట్లా ఒకే విధంగా జరిగింది. ఈ నాలుగు మాటలను పక్కపక్కన రాసుకున్న విద్యార్థి వాటిని మళ్లీ మరచిపోవడం నేను చూడలేదు.

కాఫీకి ముందు ఒకసారి 'ఎఁ', ఒకసారి 'ద్యు', ఒకసారి 'ల' ఎందుకు వస్తాయి?

హోటల్లో ఒక కప్పు అడిగేటప్పుడు 'ఎఁ కఫే' అనాలి. ఇక్కడ కాఫీ లెక్కించదగిన వస్తువు, మనం 'రెండు కాఫీ' అని చెప్పినట్లే. పొద్దున్నే కాఫీ తాగుతానని చెప్పేటప్పుడు 'ఝ బ్వా ద్యు కఫే' అనాలి. ఎన్ని కప్పులన్నది అక్కడ లెక్కలోకి రాదు. నాకు కాఫీ అంటే ఇష్టమని చెప్పేటప్పుడు కాఫీ అనే జాతి మొత్తాన్ని ఉద్దేశిస్తున్నాం కాబట్టి 'ఝెమ్ ల కఫే' అనాలి.

ఈ 'ద్యు' పుంలింగపు మాటల ముందు వస్తుంది, స్త్రీలింగానికి 'ద లా', అచ్చుతో మొదలయ్యే మాటకు 'ద ల్'. దీన్ని 'కొంచెం' అని అనువదించుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే బిందెడు తాగినా అదే వాడాలి. వద్దనేటప్పుడు మాత్రం ఈ మూడూ పోయి ఒక్క 'ద' మిగులుతుంది: 'ఝ న బ్వా పా ద కఫే', నేను కాఫీ తాగను.

ఏ పానీయం పుంలింగం, ఏది స్త్రీలింగం?

కాఫీ, టీ, పాలు, పండ్ల రసం, ద్రాక్షసారాయం, షర్బతు పుంలింగాలు: కఫే, తే, లె, ఝ్యు, వెఁ, సిరో. నీరు, బీరు, నిమ్మ సోడా, మూలికల టీ స్త్రీలింగాలు: ఓ, బియేర్, లిమోనాద్, తిజాన్. పానీయం అన్న మాట, 'బ్వాసోఁ', కూడా స్త్రీలింగమే. దీనికి తర్కం వెతకకుండా మాటను దాని ముందున్న పుంలింగపు 'ఎఁ' లేక స్త్రీలింగపు 'యున్'తో కలిపి నేర్చుకోవడమే మార్గం.

తాగడానికి 'బ్వార్' వాడాలా, 'ప్రాఁద్ర్' వాడాలా?

రెండూ వాడతారు. 'బ్వార్' అంటే తాగడం, 'ప్రాఁద్ర్' అంటే తీసుకోవడం. మర్యాదగా అడిగేటప్పుడు 'వు ప్రనే ఎఁ తే?' అంటారు, మన 'టీ పుచ్చుకుంటారా?' అన్నదానికి ఇది అచ్చమైన సాటి. ఏమీ చేర్చకుండా 'ఇల్ బ్వా' అంటే 'అతను తాగుతాడు' అన్న మన మాటలాగే మద్యపానం అలవాటుందన్న అర్థం వచ్చేస్తుంది. కనుక బంధువుల గురించి చెప్పేటప్పుడు ఏం తాగుతారో కూడా చేర్చండి.

'బ్వార్' రూపాలు మధ్యలో మారతాయి: ఝ బ్వా, త్యు బ్వా, ఇల్ బ్వా అని వచ్చి, 'మనం' దగ్గర ను బ్యువోఁ, 'మీరు' దగ్గర వు బ్యువే అవుతుంది, 'వాళ్లు' దగ్గర తిరిగి ఇల్ బ్వావ్ అవుతుంది. 'త్యు' మన 'నువ్వు', 'వు' మన 'మీరు'. కొత్తవారితోనూ పెద్దలతోనూ 'వు' అనాలని మన పిల్లలకు వేరుగా నేర్పవలసిన అవసరం ఉండదు.

ఫ్రాన్సులో టీ అడిగితే పాలు లేకుండా ఎందుకు తెస్తారు?

అక్కడ 'ఎఁ తే' అంటే వేడినీళ్లు, తేయాకు, అంతే. పాలు కావాలంటే 'ఎఁ తే ఓ లె' అనాలి, అప్పుడు కూడా సాధారణంగా పాలు పక్కన పోసి ఇస్తారు తప్ప కలిపి మరిగించరు. మన టీని వారికి వివరించాలంటే 'ద్యు తే బూయి అవెక్ ద్యు లె ఎ ద్యు స్యుక్ర్', అంటే పాలతోనూ పంచదారతోనూ మరిగించిన టీ, అని చెప్పండి.

ఫ్రెంచి 'తే'ను పలకడం మనకు కొత్త కాదు. తేయాకు, తేనీరు అన్న మాటల్లోని 'తే' అదే. చైనా దక్షిణ తీరపు పలుకుబడి నుంచి సముద్ర వ్యాపారం వెంట యూరపు భాషలకూ మన భాషకూ చేరిన మాట అది; 'చాయ్' అన్న రూపం అదే దేశంలోని మరొక పలుకుబడి నుంచి వేరే దారుల్లో వచ్చింది.

కాఫీ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'ఎఁ కఫే' అంటే చిన్న కప్పులో చిక్కగా వచ్చే పాలులేని కాఫీ. చుక్క పాలు చేర్చినది 'న్వాజెత్'. నీళ్లు ఎక్కువగా ఉన్నది 'అలోఁఝే'. మన రుచికి కాస్త దగ్గరగా ఉండేది 'కఫే క్రెమ్'. 'కఫే ఫిల్త్ర్' అని కనిపించగానే ఫిల్టర్ కాఫీ దొరికిందని సంతోషించవద్దు. కాగితపు వడపోతలోంచి దిగిన పాలులేని కాఫీని అలా అంటారు. మన ఇళ్లలో కాఫీకి వాడే 'డికాషన్' అన్న మాటకు ఫ్రెంచి రూపం 'దేకోక్సియోఁ' అయినా, అక్కడ దానికి మూలికలను నీటిలో మరిగించి తీసిన కషాయం అని అర్థం. మరిగించకుండా వేడినీళ్లలో నానబెట్టి తీసినది 'ఎఁఫ్యుజియోఁ'. శొంఠి కషాయానికి మొదటి మాట, తులసి ఆకులపై వేడినీళ్లు పోసి తాగేదానికి రెండో మాట వాడండి.

నిమ్మరసం కావాలంటే 'లిమోనాద్' అనవచ్చా?

అనకూడదు. నా దగ్గర చదువుకొని ఫ్రాన్సుకు వెళ్లిన ఒక అమ్మాయి, గొంతు నొప్పిగా ఉండి గోరువెచ్చని నిమ్మరసం తాగాలనుకొని 'లిమోనాద్' అడిగితే, మంచుముక్కలతో నురగలు కక్కే తియ్యటి సోడా వచ్చింది. ఫ్రాన్సులో లిమోనాద్ అంటే మన గోలీసోడా కోవకు చెందిన గ్యాసు పానీయం. మనం ఇంట్లో పిండుకునే నిమ్మరసానికి సాటి 'సిత్రోఁ ప్రెసే'. పిండిన రసం, నీళ్లు, పంచదార విడివిడిగా తెచ్చిపెడతారు, కలుపుకోవడం మన పని. గోరువెచ్చగా కావాలంటే 'తియెద్' అని చేర్చాలి. మన చిన్న నాటు నిమ్మకాయను వారు 'సిత్రోఁ వేర్' అంటారు, ఆకుపచ్చ నిమ్మ అని అర్థం. ఉత్త 'సిత్రోఁ' అంటే పసుపుపచ్చని పెద్ద కాయ.

మన పానీయాల పేర్లను ఫ్రెంచిలో ఎలా చెప్పాలి?

యానాంలో మంగళవారం సంత జరిగే రోజున కొందరు విద్యార్థులను బొండాల బండి దగ్గరకు తీసుకువెళ్తాను. బండివాడు కాయను అరచేతిలో తిప్పి, కత్తితో మూడు వేట్లు వేసి మూత లేపేలోగా, జరుగుతున్న ప్రతిదాన్నీ ఫ్రెంచిలో చెప్పాలన్నది నియమం. కాయ 'న్వా ద కోకో', లోపలి నీళ్లు 'ఓ ద కోకో', గీకి తినే లేత కొబ్బరి 'ప్యుల్ప్', పీల్చే గొట్టం 'పాయ్'. ఈ చివరి మాటకు గడ్డిపరక అన్న అర్థం కూడా ఉంది. ఎక్కువమంది చేసే పొరపాటు బొండాం నీళ్లను 'లె ద కోకో' అనడం. అది ముదురు కొబ్బరిని రుబ్బి పిండిన పాలు, కూరల్లోకి వాడేది. కోనసీమ పిల్లలు ఈ రెంటినీ కలిపేయకూడదు.

చెరకు రసం 'ఝ్యు ద కాన్'. మజ్జిగకు 'బాబొర్' అన్న మాట ఉంది. ఫ్రాన్సు పశ్చిమాన బ్రెతాఞ్ ప్రాంతంలో 'లె రిబో' అనే పులిసిన మజ్జిగను నేటికీ తాగుతారు, అక్కడివారికి ఆ పేరు చెబితే వెంటనే అర్థమవుతుంది. శ్రీరామనవమి పానకానికి సాటి మాట లేదు. బెల్లాన్ని శుద్ధిచేయని చెరకు పంచదారగా వివరించి, 'అవెక్ ద్యు ప్వావ్ర్ ఎ ద లా కార్దామోమ్', అంటే మిరియాలతోనూ ఏలకులతోనూ, అని చేర్చి, పేరును మాత్రం పానకం అనే చెప్పండి. మన పేరును ఫ్రెంచి వాక్యంలో నిలబెట్టడం తప్పు కాదు.

మేము మద్యం ముట్టము. ఆ మాటలు కూడా నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి, వద్దనడానికైనా మాట తెలిసి ఉండాలి. 'సాఁ జాల్కోల్' అంటే మద్యం లేనిది. జాబితాలో ఈ మాట కింద ఉన్నవన్నీ నిశ్చింతగా తాగవచ్చు. 'సిరో ఆ లో' అంటే షర్బతు కలిపిన నీళ్లు, మన సుగంధి షర్బతు వంటిది. అదే షర్బతును లిమోనాద్‌లో కలిపితే 'దియాబోలో'. కానీ 'పనాషే' అన్నది బీరులో లిమోనాద్ కలిపినది, పేరు విని మోసపోవద్దు. 'ఎఁ దమి' అంటే సగం అని అర్థమైనా, వచ్చేది 25 సెంటీలీటర్ల బీరు. ఒక సెంటీలీటరు పది మిల్లీలీటర్లు. తాటికల్లును 'వెఁ ద పాల్మ్' అంటారు. ఇతరులు గ్లాసులు ఎత్తి 'సాఁతే' అన్నప్పుడు మీ చేతిలో నీళ్ల గ్లాసు ఉన్నా అదే మాట అనడం మర్యాద. ఆ మాటకు ఆరోగ్యం అని అర్థం.

చల్లగా కావాలంటే ఏమనాలి?

హాయిగా చల్లగా ఉన్నదానికి 'ఫ్రె', స్త్రీలింగమైతే 'ఫ్రెష్'. చల్లారిపోయినదానికీ, బాగా చల్లనిదానికీ 'ఫ్ర్వా'. మంచుముక్క 'గ్లాసోఁ'. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: గ్లాసు కావాలని 'యున్ గ్లాస్' అంటే ఐస్‌క్రీమ్ తెస్తారు. గ్లాసుకు 'వేర్' తప్ప వేరే మాట వాడకండి.

హోటల్లో మంచినీళ్లకు డబ్బు తీసుకుంటారా?

'యున్ కారాఫ్ దో' అని అడిగితే కుళాయి మంచినీళ్లను గాజు కూజాలో ఉచితంగా ఇస్తారు. తాగే నీరు ఉచితంగా అడగవచ్చన్న విషయాన్ని హోటళ్లు కనబడేలా తెలపాలని 2020లో వచ్చిన చట్టం కూడా చెబుతోంది. ఉత్త 'ద లో' అంటే సీసా నీళ్లు కావాలా అని అడిగి, 'ప్లాత్' లేక 'గాజొజ్', అంటే మామూలువా గ్యాసువా, అని తేల్చుకుంటారు. వాటికి డబ్బు పడుతుంది. అడిగే ముందు 'బోఁఝూర్', చివర 'సిల్ వు ప్లె' తప్పనిసరి. ఇవి లేకుండా నేరుగా పానీయం పేరు చెప్పడం, మన వైపు 'అండి' లేకుండా పెద్దవారిని పలకరించినంత మొరటుగా వినబడుతుంది. 'నాకు కావాలి' అనే బదులు 'ఝ వుద్రె', అంటే 'కావాలనుకుంటున్నాను', అనడం మేలు.

డెల్ఫ్ ఏ1 పరీక్షకు ఈ మాటలు ఎంతవరకు పనికివస్తాయి?

డెల్ఫ్ అంటే ఫ్రెంచి భాషా ప్రావీణ్యానికి ధ్రువపత్రం ఇచ్చే పరీక్ష, ఏ1 అందులో మొదటి మెట్టు. దాని మౌఖిక పరీక్షలో మూడు భాగాలుంటాయి, మూడోది పరీక్షకునితో నటించే సంభాషణ. కొనుగోలు చేయడమో, ఏదైనా తెప్పించుకోవడమో అందులో ఇస్తారు కాబట్టి కాఫీ హోటల్ సన్నివేశాన్ని తప్పక సాధన చేయాలి. నా విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చొని, ఒకరు తెచ్చేవారుగా, మరొకరు అడిగేవారుగా రోజూ ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు, ఉత్త చేతులతో కాకుండా నిజమైన కప్పు, గ్లాసు, చెంచా ఎదురుగా పెట్టుకొని. మొదట ఖాళీ గ్లాసు చూపించి 'ఎఁ వేర్ ఆ ఓ' అనాలి, కూజా వంచి నీళ్లు పోశాక 'ఎఁ వేర్ దో' అనాలి, ఒక్క గుక్క తాగి 'యున్ గోర్ఝే' అనాలి.